మండువా లోగిలి: పాత ఇంట్లో కొత్త కాపురం



"మీ ఇల్లు ఎక్కడ?" అని ఎవరైనా అడిగితే మనలో చాలామందిమి ఒక్క క్షణం ఆగుతాం. ఇప్పుడున్న క్వార్టర్ చెప్పాలా, సొంత ఊరు చెప్పాలా? నాకూ అదే ఇబ్బంది. ఉద్యోగంలో చేరాక ఐదు ఊళ్లు మారాను. ఎన్ని ఊళ్లు మారినా వేసవి సెలవులకు వెళ్లే ఇల్లు మాత్రం ఒక్కటే. కోనసీమలోని ఒక పల్లెలో మా అమ్మమ్మగారి మండువా ఇల్లు అది. వందేళ్లు దాటింది. మూడేళ్ల క్రితం దాన్ని పడగొట్టాలా, బాగుచేయాలా అన్న ప్రశ్న వచ్చింది.

మండువా ఇల్లు అంటే?

ఇంటి నడుమ పైకప్పు లేకుండా వదిలిన చోటే మండువా. దాని చుట్టూ వసారా, వసారా వెనుక గదులు. పెంకుల కప్పు నాలుగు వైపుల నుంచీ లోపలికి వాలి ఉంటుంది. వాన నీరు మండువాలో పడి తూము గుండా బయటికి పోతుంది. వెలుతురు అక్కడి నుంచే గదుల్లోకి వస్తుంది. వేడిగాలి పైకి పోయే దారీ అదే.

మీరు తిరిగిన ఊళ్లలోనూ ఇలాంటి ఇళ్లను చూసి ఉంటారు. కేరళ నాలుకెట్టులో నడుముట్టం ఉంటుంది. మహారాష్ట్ర వాడాలో, అహ్మదాబాద్ పోళ్లలోని ఇళ్లలో చౌక్ ఉంటుంది. అహ్మదాబాద్ పాత నగరాన్ని యునెస్కో 2017లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అక్కడి పాత ఇళ్లలో ఇప్పటికీ కుటుంబాలు కాపురం ఉంటున్నాయి.

అమ్మమ్మ అడిగిన ప్రశ్న

పాత ఇల్లు కనుక ఏదీ ముట్టుకోకూడదని నేను వాదించాను. అమ్మమ్మ అంతా విని, "నువ్వు ఏడాదికి పది రోజులుంటావు. నేను రోజూ ఉంటాను. వానాకాలం రాత్రి పెరట్లోకి వెళ్లబోయి కాలు జారితే ఈ దూలాలు నన్ను లేపుతాయా?" అంది. నా దగ్గర జవాబు లేదు.

మావయ్య ఆలోచన వేరు. మండువా మీద శ్లాబు వేస్తే పెద్ద హాలు వస్తుందన్నారు. అప్పుడు తాపీమేస్త్రీ అడ్డుపడ్డాడు. "నాలుగు కప్పులూ ఇటే వాలాయి కదండీ. ఇది మూసేస్తే నీళ్లు ఎటు పోతాయండీ?"

ఆ రెండు ప్రశ్నలతోనే మాకు దారి దొరికింది. ఇంట్లోని ప్రతి భాగం దగ్గరా నిలబడి, "ఇది ఏ పని చేస్తోంది?" అని అడిగాం. పని చేస్తున్నదాన్ని ఉంచాం. మనుషులను ఇబ్బంది పెడుతున్నదాన్ని మార్చాం.

గోడ నేర్పిన సైన్సు

అంతకు కొన్నేళ్ల ముందు, చెమ్మ పోతుందని గోడలకు సిమెంటు పూత పెట్టించారు. చెమ్మ పోలేదు సరికదా, మోకాలి ఎత్తు నుంచి ఛాతీ ఎత్తుకు పాకింది. ఎందుకు? పాత ఇటుక గోడ నేలలోని తడిని పీల్చుకుంటుంది. సున్నపు పూత ఆ తడిని గాలిలోకి వదిలేస్తుంది. సిమెంటు పూత దాన్ని లోపలే బంధిస్తుంది. బయటికి దారిలేని తడి పైకి పాకుతుంది.

అందుకే సిమెంటు గీకించి, గోడలు ఆరనిచ్చి, మళ్లీ సున్నం పూయించాం. పూర్వం సున్నాన్ని ఇసుకతో కలిపి గానుగలో నూరేవారు. బెల్లం నీరు, కరక్కాయ నీరు కూడా చేర్చేవారు. సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడును పీల్చుకుంటూ నెమ్మదిగా గట్టిపడుతుంది. కాబట్టి ఓపిక కావాలి. మాకు ఎనిమిది నెలలు పట్టింది.

మార్చినవి, ఉంచినవి

వెనుక వైపు కొట్టుగదిని స్నానాలగదిగా మార్చాం. అది బయటి గోడ పక్కనే ఉంది కాబట్టి నీళ్ల గొట్టాలు ఇంటి నడుమ నుంచి పోనక్కర్లేదు. గోడకు పట్టుకునే కడ్డీ బిగించాం. కరెంటు తీగల కోసం గోడలు తొలచకుండా పైపైనే గొట్టాల్లో నడిపాం. వంటింట్లో నిలబడి వండుకునేలా గట్టు కట్టించాం. ఒక దూలం చివర పుచ్చిపోతే, వడ్రంగి పుచ్చిన మేర కోసి కొత్త టేకు ముక్క అతికించాడు. పగిలిన పెంకులు మాత్రమే మార్చాం. మండువాను అలాగే ఉంచి, పైన కోతులు దిగకుండా ఇనుప జాలీ వేశాం. తూము శుభ్రం చేయించాం.

కొట్టుగదిలోని పాత గాదె తీసేసిన రోజు మావయ్య అన్నం సరిగా తినలేదు. అన్నీ దక్కించుకోలేం.

కిందటి వేసవిలో ఓ రాత్రి పెద్ద వాన కురిసింది. మండువాలో నీళ్ల చప్పుడుకు పిల్లలంతా లేచి వసారాలో కూర్చున్నారు. అమ్మమ్మ లైటు వేసుకుని, ఎవరినీ పిలవకుండా, తానే స్నానాలగదికి నడిచి వెళ్లి వచ్చింది.

పదాలు – అర్థాలు

లోగిలి: ఇల్లు, ఇంటి ఆవరణ
వసారా: గదుల ముందు కప్పు ఉన్న పంచ
తూము: నీరు బయటికి పోయే దారి
గాదె: ధాన్యం నిల్వచేసేది
చెమ్మ: తడి

మీరు చేయండి

1. మీ తాతగారి ఇంటి పటం గీసి, భాగాల పేర్లు తెలుగులో రాయండి. తెలియని పేర్లు ఫోనులో పెద్దవాళ్లను అడగండి.
2. ఆ ఇంట్లో మీరు ఉంచే ఒక భాగం, మార్చే ఒక భాగం ఏవి? అక్కడ రోజూ ఉండేవారిని అడిగాకే జవాబు రాయండి.