చర్మానికి గోడ, బుగ్గకు తెర



హైస్కూలు పిల్లలతో మేము ఏటా ఒక ప్రయోగం చేయిస్తాం. పళ్ళపుల్లతో బుగ్గ లోపల మెల్లగా గీకి, గాజుపలకమీద రాసి, మిథిలీన్ బ్లూ చుక్క వేసి మైక్రోస్కోపులో చూపిస్తాం. కణాలు ఇట్టే ఊడివస్తాయి. అదే పుల్లతో అరచేతిమీద గీకితే పొడి తప్ప ఏమీ రాలదు. ఒకే మనిషి ఒంటిమీద ఇంత తేడా ఎందుకని పిల్లలు అడుగుతారు. జవాబు చాలావరకు కొవ్వులో ఉంది.

అరచేయి, అరికాలు తప్పిస్తే మన చర్మపు పైపొర మందం మిల్లీమీటరులో 50వ వంతు ఉంటే ఎక్కువ. అందులో చచ్చిన కణాలు ఇటుకల్లా పేర్చి ఉంటాయి. వాటి మధ్య అడుసు కొవ్వుపదార్థాలే. బరువులో సుమారు సగం సెరమైడ్లు, మిగిలినది ఎక్కువగా కొలెస్టరాల్, కొవ్వు ఆమ్లాలు. (కొలెస్టరాల్ పేరు వింటేనే బెదిరిపోతాం గానీ, అది లేకపోతే ఈ గోడ నిలవదు.) ఒంట్లో నీరు ఆరిపోకుండా, బయటి మురికి లోపలికి పోకుండా కాచేది ఈ అడుసే. 1929లో అమెరికాలో బర్ దంపతులు ఎలుకలకు కొవ్వు లేని తిండి పెడితే వాటి చర్మం పొలుసులు లేచింది. లినోలిక్ ఆమ్లం అందాక నయమైంది. మన ఒళ్ళు దాన్ని తయారు చేసుకోలేదు, తిండిలోనే రావాలి. పొద్దుతిరుగుడు నూనెలో అది దండిగా ఉంటుంది, కొబ్బరినూనెలో చాలా తక్కువ.

అలాగని కొబ్బరినూనెను చిన్నచూపు చూడనక్కరలేదు. పైన రాస్తే తడి ఆరిపోకుండా ఆపుతుంది. చర్మానికి కాస్త ఆమ్లగుణం ఉంటుంది, సబ్బుది క్షారగుణం. పదేపదే సబ్బు, వేడినీళ్ళు తగిలితే అడుసు కరిగిపోతుంది. వయసు మళ్ళినవారికి, రోజంతా తడిలో చేతులు నానే మన కొబ్బరిపీచు పనివారికి మడమలు, వేళ్ళు పగిలేది ఇందుకే. వుజూకి సబ్బు అవసరం లేదు, నీరు చాలు. వుజూ అయ్యాక తడి పూర్తిగా ఆరకముందే పలుచగా నూనె రాసుకోవాలి. ముందే మందంగా పూస్తే నీరు చర్మాన్ని తాకిందా లేదా అన్న సందేహం మిగులుతుంది. ఈ చలికాలం దుప్పట్లతో పాటు ఇంటికొక అరలీటరు కొబ్బరినూనె ఇస్తే బాగుంటుందని మా మనవి.

ఇక నోరు. అంగిలికి, చిగుళ్ళకు గట్టి పొర ఉంది. నమిలేటప్పుడు సాగవలసిన బుగ్గలకు, నాలుక కిందకు మాత్రం అలాంటి గోడ లేదు, మెత్తని తెర మాత్రమే. గుండెనొప్పి వస్తే సార్బిట్రేట్ బిళ్ళను నాలుక కింద పెట్టేది ఆ దారి దగ్గర కనుకే.

అదే దారిన ఖైనీ విషమూ వెళుతుంది. నరసాపురం వెళ్ళే పంటు కోసం రేవులో నిలబడి చూడండి, ఎంతమంది కుర్రవాళ్ళు పొగాకులో సున్నం కలిపి నలుపుతున్నారో! సున్నం తగిలితే నికోటిన్ కొవ్వులో కరిగే రూపానికి మారి, ఆ తెరను తేలిగ్గా దాటుతుంది. పొగాకులోని క్యాన్సరు కారకాలు గంటల తరబడి ఆ బుగ్గకే అంటుకుని ఉంటాయి.

బుగ్గ లోపలి పొర రమారమి రెండు వారాల్లో కొత్తదవుతుంది. కనుక నోట్లో పుండు రెండు వారాలు దాటినా మానకపోతే, తెల్లమచ్చ పోకపోతే, నోరు సరిగా తెరుచుకోకపోతే ఆగకూడదు. అలాంటివారిని రాజోలుకో అమలాపురానికో తీసుకెళ్ళి డాక్టరుకు చూపించే ఖర్చుకు ఈ ఏడు మీ విరాళాల్లో కొంత కేటాయించవలసిందిగా కోరుతున్నాం. కూలి పోతుందని ఆగిపోయేవారికి ఆ రోజు కూలి కూడా కలిపి.