కడలి అడుగు చేపకు లెక్క కట్టే కొలువు

బైపీసీ చదివి నీట్ ర్యాంకు రాలేదని డీలా పడినవాళ్లకు, జువాలజీ డిగ్రీ చేతికొచ్చాక ఏం చేయాలో తేలనివాళ్లకు నెల్లూరు తీరంలోనే ఒక దారుంది. సముద్రం అడుగున తిరిగే గొరకలు, జెల్లలు, టేకులు, నాలుక చేపలను ఎంతవరకు పడితే జాతి తరిగిపోకుండా ఉంటుందో లెక్క కట్టే పని అది. శాస్త్రవేత్తలు దీన్ని స్టాక్ అసెస్‌మెంట్ అంటారు.

లెక్క ఎవరికి కావాలి?

మన దగ్గర పడవకింత అని చేపల కోటా లేదు. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల వేట నిషేధం, వల కన్ను సైజు, తీరం నుంచి ఎంత దూరంలో ఎవరు వేటాడాలన్న నిబంధన... కట్టడి అంతా వీటితోనే. కేరళ ఇంకో అడుగు వేసి, 2015లో 14 రకాలకు, 2017 నాటికి మొత్తం 58 రకాలకు కనీస పొడవు నిర్ణయించింది. అంతకన్నా చిన్న చేపను పట్టకూడదు. ఇలాంటి నియమం పెట్టాలన్నా, మార్చాలన్నా ముందు లెక్క తేలాలి.

పని ఎలా ఉంటుంది?

ఫైబర్ బోటులో వేటకు వెళ్లొచ్చే మత్స్యకారుడు లాగ్‌బుక్ రాయడు. మన వెచ్చని నీళ్లలో పెరిగే చేప వయసు, దాని చెవి రాయిలోని వలయాలను బట్టి చెప్పడమూ కష్టమే. అందుకే పొడవే ఆధారం. తెల్లవారుజామున రేవుకు వెళ్లి, నెలనెలా వందల చేపల పొడవు కొలవాలి. కొన్నింటిని కోసి గుడ్ల దశ చూడాలి. సగం చేపలు గుడ్లు పెట్టే దశకు చేరే పొడవెంతో, వలలో పడుతున్నవి అంతకన్నా చిన్నవో పెద్దవో తేల్చాలి.

తర్వాత గణితం. ఒక జాతి మొత్తం మరణాల రేటు ఏడాదికి 1.8, సహజ మరణాల రేటు 0.8 అనుకుందాం. మిగిలిన 1.0 వేట వల్ల. దాన్ని 1.8తో భాగిస్తే 0.56. ఇది 0.5 దాటితే వేట మితిమీరిందనడం పాతకాలం నుంచి ఉన్న కొండగుర్తు.

సూత్రం తేలికే, నమూనా తీయడంలోనే ఉంది తిరకాసు. వేలంపాటకు ముందే పెద్దవీ చిన్నవీ వేరు చేస్తారు. వేరు చేశాక కొలిస్తే లెక్క తప్పుతుంది. ఒకే రకం వల చేపలే కొలిచినా అంతే. తమిళనాడు మరబోట్లు నెల్లూరు సముద్రంలో పట్టిన చేప ఇక్కడి రేవుల్లో దిగదు. జువ్వలదిన్నెలోనో కృష్ణపట్నంలోనో కూర్చుని లెక్కేస్తే ఆ వేట కనిపించదు. చేపల గుంపుకు జిల్లా సరిహద్దులు, రాష్ట్ర సరిహద్దులు తెలియవు.

ఏం చదవాలి?

ఇంటర్ బైపీసీ తర్వాత ఈఏపీసెట్ ర్యాంకుతో నాలుగేళ్ల బీఎఫ్‌ఎస్సీలో చేరవచ్చు. నెల్లూరు జిల్లాలోనే ముత్తుకూరులో మత్స్య కళాశాల ఉంది. పీజీలో ఫిషరీస్ రిసోర్స్ మేనేజ్‌మెంట్ తీసుకుంటే ఈ పనికి దగ్గరవుతారు. ముంబయిలోని కేంద్ర మత్స్య విద్యా సంస్థ (సీఐఎఫ్‌ఈ)లో సీటుకు ఐకార్ ప్రవేశ పరీక్ష రాయాలి. జువాలజీ డిగ్రీవాళ్లకు మెరైన్ బయాలజీ ఎమ్మెస్సీ మరో దారి. నెల్లూరులోని విక్రమ సింహపురి విశ్వవిద్యాలయంలో ఆ కోర్సు ఉంది.

ఏ కోర్సు చదివినా స్టాటిస్టిక్స్‌ను దాటవేయకండి. 'ఆర్' సాఫ్ట్‌వేర్ ఉచితం. పొడవు కొలతలతో లెక్క కట్టే ట్రాప్‌ఫిష్ఆర్ ప్యాకేజీ అందులో దొరుకుతుంది.

కొలువులెక్కడ?

ఈ రంగంలో పెద్దన్న 1947లో మొదలైన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ (సీఎంఎఫ్‌ఆర్‌ఐ). ప్రధాన కార్యాలయం కొచ్చిలో, ప్రాంతీయ కేంద్రం విశాఖలో ఉన్నాయి. 2022 సంవత్సరానికి ఈ సంస్థ దేశంలోని 135 స్టాకులను (చేపల గుంపులను) పరిశీలించి, 91.1 శాతం ఆరోగ్యంగా ఉన్నాయని చెప్పింది. ఇక్కడ ప్రాజెక్టు సహాయకులుగా మొదలై, పీహెచ్‌డీ చేసి శాస్త్రవేత్తలైనవారున్నారు. అడుగు చేపల సర్వే కోసం సొంత నౌకలు నడిపే ఫిషరీ సర్వే ఆఫ్ ఇండియాకూ విశాఖలో స్థావరం ఉంది. రాష్ట్ర మత్స్యశాఖలో ఏపీపీఎస్సీ ద్వారా భర్తీచేసే మత్స్య అభివృద్ధి అధికారి పోస్టులు, తీర గ్రామాల్లో సాగర మిత్ర కాంట్రాక్టు కొలువులు కూడా ఉన్నాయి. అయితే పోస్టులు తక్కువ, ప్రాజెక్టు ఉద్యోగాలు తాత్కాలికం. చేరేముందు ఈ సంగతి తెలిసి ఉండాలి.

తీరంవాళ్లకు మొగ్గు

మత్స్యకారుల ఊరైన పట్టపుపాలెంలో పుట్టినవాళ్లకు ఇందులో పుస్తకాలివ్వని బలముంది. ఏ నెలలో ఏ చేప ఎంత లోతుకు పోతుందో ఇంట్లో పెద్దలకు తెలుసు. ఊరి పెద్ద అయిన కాపు మాట, ఊరంతా పాటించే దురాయి కట్టుబాటు ఎలా నడుస్తాయో మీకు తెలుసు. కాగితం మీద ఎంత గొప్ప పరిమితి రాసినా, దాన్ని ఊరు ఒప్పుకుంటేనే అమలవుతుంది.

వేట నిషేధం ఎత్తేశాక ఒక స్కేలు, నోటుపుస్తకం పట్టుకుని దగ్గరి రేవుకు వెళ్లండి. ఒకే రకం చేపను, ఏరివేతకు ముందే, నెలకోసారి కొలవండి. ఏడాది తిరిగేసరికి ఈ పని మీకు నచ్చుతుందో లేదో తేలిపోతుంది. నచ్చితే ఇంటర్వ్యూలో చూపించడానికి ఆ పుస్తకమే మీ మొదటి సర్టిఫికెట్.