ఇంట్లో నిర్ణయం ఎవరిది?

జనగామ జిల్లా నర్మెట్ట మండలంలో ఎంపికైన ఇంటికి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే బృందం వస్తే ముందు ఇంటి సంగతులే అడుగుతుంది: తాగునీరు ఎక్కడిది, మరుగుదొడ్డి ఉందా, వంట గ్యాసుపైనా కట్టెలపైనా, నేల మట్టిదా సిమెంటుదా. 15-49 ఏళ్ల మహిళలకు వేరే ప్రశ్నావళి ఉంటుంది. అందులో వివాహితలను అడిగే మూడు ప్రశ్నలు పోటీ పరీక్షల అభ్యర్థులు తప్పక గుర్తుంచుకోవాలి. మీ వైద్యం, ఇంటికి పెద్ద కొనుగోళ్లు, పుట్టింటికో బంధువుల ఇంటికో వెళ్లడం: ఈ నిర్ణయాలు ఎవరివి? మీవా, భర్తవా, ఇద్దరివీనా, మరొకరివా? అత్త పక్కనే కూర్చుంటే జవాబు మారిపోవచ్చు. అందుకే ఇంకా సున్నితమైన గృహహింస ప్రశ్నలను ఇంటికి ఒక్క మహిళనే, అదీ ఏకాంతంలోనే అడగాలన్నది నియమం. ఈ జాగ్రత్త ఎంతో విలువైనది.

సర్వే కేంద్ర ఆరోగ్య, కుటుంబ సంక్షేమ శాఖది. నోడల్ సంస్థ ముంబయిలోని అంతర్జాతీయ జనాభా విజ్ఞాన సంస్థ. మొదటి విడత 1992-93, అయిదోది 2019-21. జనగామ జిల్లా 2016 అక్టోబరు 11న ఏర్పడింది కాబట్టి, 2015-16 నాటి నాలుగో విడతలో ఈ ప్రాంతం వరంగల్ జిల్లా కిందే ఉంది.

పరీక్షలో తికమక పెట్టే అంశం ఒకటుంది. నిర్ణయాధికారం ప్రశ్నలు సుమారు 15 శాతం ఇళ్లలోనే అడుగుతారు. కనుక ఆ అంకెలు రాష్ట్ర, జాతీయ స్థాయుల్లోనే దొరుకుతాయి, జిల్లా ఫలితాల పత్రంలో ఉండవు.