జెరూసలేం: క్షేత్రం ఒక్కటే, హక్కు మాదంటే మాదనే జాతులు రెండు

ఈ వారం వీడియోలో ప్రపంచంలోని పుణ్యక్షేత్రాల గురించి మాట్లాడుకుంటూ జెరూసలేం దగ్గర కాసేపే ఆగాం. టైమ్ సరిపోలేదు. కానీ "అక్కడ గొడవ అసలు దేని గురించి? న్యాయం ఎవరి వైపు?" అనేది చాలామందికి వచ్చే సందేహం. దీనికి ఒక్క ముక్కలో జవాబు చెప్పేవాళ్లను నమ్మకండి. ఈ పోస్టులో విషయాన్ని విడదీసి, ఒక్కో పొర చూద్దాం.

1. అంత చిన్న చోటు ఎందుకంత పవిత్రం?

గోడల లోపలి పాత నగరం మొత్తం కలిపి ఒక చదరపు కిలోమీటరు కూడా ఉండదు. అందులో ఒక మూల సుమారు 35 ఎకరాల ఎత్తైన ప్రాంగణం ఉంది. యూదులు దాన్ని టెంపుల్ మౌంట్ అంటారు, ముస్లింలు అల్ హరమ్ అల్ షరీఫ్ అంటారు.

యూదుల మొదటి ఆలయాన్ని బాబిలోనియన్లు క్రీ.పూ. 586 ప్రాంతంలో కూల్చారు. రెండో ఆలయాన్ని క్రీ.శ. 70లో రోమన్లు కూల్చారు. ఆ ఆలయంలో గర్భగుడి లాంటి చోటు ఒకటి ఉండేది. అందులోకి ప్రధాన పూజారి ఒక్కడే, అదీ ఏడాదికి ఒక్క రోజే వెళ్లేవాడు. ఆ చోటు ఇప్పుడు కచ్చితంగా ఎక్కడుందో తెలియదు కాబట్టి, పొరపాటున దాని మీద కాలు పడుతుందేమో అని నేటికీ ఎంతోమంది నిష్ఠగల యూదులు ఆ ప్రాంగణంలో అడుగు పెట్టరు. బయట మిగిలిన పడమటి గోడ దగ్గరే ప్రార్థిస్తారు. మడి, ఆచారం తెలిసిన ఇంట్లో పెరిగిన మనకు ఆ భయభక్తులు అర్థం కావడం కష్టం కాదు.

అదే ప్రాంగణంలో క్రీ.శ. 691-92లో కట్టిన బంగారు గోపురం, దానికి దక్షిణాన అల్ అక్సా మసీదు ఉన్నాయి. ముస్లింలు మొదట ప్రార్థనలో ముఖం తిప్పిన దిక్కు జెరూసలేమే, మక్కా ఆ తర్వాత వచ్చింది. ప్రవక్త మహమ్మద్ రాత్రి ప్రయాణం అక్కడికే జరిగిందనీ, అక్కడి నుంచే స్వర్గారోహణ అనీ వాళ్ల విశ్వాసం. కొద్ది దూరంలోనే, ఏసు శిలువ, పునరుత్థానం జరిగాయని క్రైస్తవులు నమ్మే చర్చి ఉంది.

మతాలు మూడు. కానీ నగరం మాదనే జాతులు రెండు: ఇజ్రాయెలీలు, పాలస్తీనియన్లు. పాలస్తీనియన్లలో ముస్లింలే కాదు, తరతరాల క్రైస్తవులూ ఉన్నారు. కాబట్టి దీన్ని "రెండు మతాల యుద్ధం" అనుకుంటే మొదటి అడుగే తప్పుతుంది.

2. నగరాన్ని చీల్చిన గీత

1917 డిసెంబరులో ఆటోమన్ తుర్కుల నుంచి నగరం బ్రిటిష్ వాళ్ల చేతికి వచ్చింది. 1947 నవంబరు 29న ఐక్యరాజ్యసమితి పాలస్తీనాను రెండు దేశాలుగా విభజించాలని తీర్మానించింది. జెరూసలేంను మాత్రం ఎవరికీ ఇవ్వకుండా అంతర్జాతీయ పాలనలో ఉంచాలంది. యూదు నాయకత్వం ఆ ప్రణాళికకు ఒప్పుకుంది, అరబ్బులు ఒప్పుకోలేదు. యుద్ధం వచ్చింది.

1948 నవంబరులో ఇద్దరు సైనికాధికారులు, ఇజ్రాయెల్ వైపు మోషే దయాన్, జోర్డాన్ వైపు అబ్దుల్లా అల్ తల్, ఒక మ్యాపు మీద మైనపు పెన్సిళ్లతో తమ తమ సరిహద్దు గీతలు గీశారు. మ్యాపు స్కేలు 1:20,000. గీత మందం మూడు నాలుగు మిల్లీమీటర్లు. లెక్క వేయండి: నేల మీద అది 60 నుంచి 80 మీటర్లు! ఇళ్లు, వీధులు ఆ గీత కిందే పడిపోయాయి. గీతలో ఉన్న ఇల్లు ఎవరిది అన్నదానికి ఏళ్ల తరబడి జవాబు లేదు.

పడమర ఇజ్రాయెల్, తూర్పు జోర్డాన్. పాత నగరంలోని యూదులందర్నీ వెళ్లగొట్టారు. ఒప్పందంలో మాట ఉన్నా, 19 ఏళ్లపాటు వాళ్లకు పడమటి గోడ దర్శనం లేదు. అటు పడమటి వైపు కతమోన్, తల్బియా లాంటి పేటల్లోని పాలస్తీనియన్లు ఇళ్లు పోగొట్టుకున్నారు, మళ్లీ తిరిగి రాలేకపోయారు. ఈ రెండు బాధల్లో ఒకటే చెప్పి రెండోది దాచేసే వీడియోలు చాలా ఉంటాయి. జాగ్రత్త.

1967 జూన్ యుద్ధంలో ఇజ్రాయెల్ తూర్పు భాగాన్ని గెలుచుకుంది. జోర్డాన్ కాలపు తూర్పు నగరం సుమారు 6 చదరపు కిలోమీటర్లే. చుట్టుపక్కల గ్రామాల భూములు కలిపి సుమారు 70 చదరపు కిలోమీటర్లను తన నగర పరిధిలో చేర్చుకుంది. పడమటి గోడ ముందు ఇప్పుడు మనం ఫొటోల్లో చూసే విశాలమైన ఖాళీ స్థలం, అప్పట్లో మొగ్రబీ పేట అనే నివాస ప్రాంతం. యుద్ధం ముగియగానే దాన్ని కూల్చేశారు. 1980లో "సంపూర్ణ, ఏకీకృత జెరూసలేం ఇజ్రాయెల్ రాజధాని" అని చట్టం చేశారు. అది చెల్లదని భద్రతా మండలి 478వ తీర్మానంలో చెప్పింది. పాలస్తీనియన్లు తూర్పు జెరూసలేమే తమ రాజధాని అంటారు. 2017 డిసెంబరులో అమెరికా ఇజ్రాయెల్ మాటను గుర్తించి, 2018 మేలో రాయబార కార్యాలయాన్ని అక్కడికి మార్చింది.

3. ఓనర్, అడ్మిన్, యూజర్

ఐటీలో పనిచేసేవాళ్లకు ఇలా చెబితే తేలిగ్గా అర్థమవుతుంది. ఒక సిస్టమ్ మీద ఓనర్ హక్కు వేరు, అడ్మిన్ హక్కు వేరు, లాగిన్ అయ్యే హక్కు వేరు. జెరూసలేం గొడవలో సగం గందరగోళం ఈ మూడూ కలిపేయడం వల్లే.

ఆ ప్రాంగణం లోపలి నిర్వహణ జోర్డాన్ అండ ఉన్న వక్ఫ్ సంస్థది. భద్రత, ద్వారాలు ఇజ్రాయెల్ పోలీసులవి. ఇతర మతస్థులు చూడటానికి రావచ్చు, ప్రార్థన మాత్రం ముస్లింలదే అన్నది 1967 తర్వాత కుదిరిన పద్ధతి. సార్వభౌమాధికారం ఎవరిదన్నది తేలనే లేదు. ఈ మధ్య ఏళ్లలో కొందరు యూదులు అక్కడ ప్రార్థించడం పెరిగింది. "మా పవిత్ర స్థలంలో ప్రార్థించే హక్కు మాకెందుకు లేదు?" అని వాళ్లు అడుగుతారు. "ఉన్న ఒక్క చోటూ మెల్లగా పోతుంది" అని పాలస్తీనియన్లు భయపడతారు. రెండు మాటలూ మనసులోంచి వచ్చేవే. అందుకే అక్కడ ఒక మెటల్ డిటెక్టర్ పెట్టినా (2017లో అదే జరిగింది) వీధులు మండుతాయి.

క్రైస్తవుల చర్చి సంగతి ఇంకా ఆసక్తికరం. అందులో గ్రీకు, కాథలిక్, ఆర్మేనియన్ తదితర శాఖల వాళ్లు తమలో తాము పడకపోవడంతో, తలుపు తాళం బాధ్యత శతాబ్దాలుగా రెండు ముస్లిం కుటుంబాలది. 1852లో సుల్తాను "ఉన్నది ఉన్నట్టే ఉండాలి" అని ఆజ్ఞ ఇచ్చాడు. అందుకే ముఖద్వారం పైన కిటికీ కింద ఒక చిన్న చెక్క నిచ్చెన నేటికీ అలాగే ఉంది. తీయాలంటే అందరూ ఒప్పుకోవాలి మరి!

4. క్షేత్రం అంటే రాళ్లే కాదు, మనుషులు కూడా

నగర జనాభా దాదాపు పది లక్షలు. అందులో సుమారు అరవై శాతం యూదులు, మిగతావాళ్లలో ఎక్కువమంది పాలస్తీనియన్లు. తూర్పు జెరూసలేం పాలస్తీనియన్లలో అత్యధికులు ఇజ్రాయెల్ పౌరులు కారు, "శాశ్వత నివాసులు". పేరుకే శాశ్వతం. చాలాకాలం బయట ఉంటే ఆ హోదా పోవచ్చు. 1967 నుంచి 14,000 మందికి పైగా అలా పోగొట్టుకున్నారు. విదేశాల్లో చదువుకున్నందుకు, ఉద్యోగం చేసినందుకు సొంత ఊరు పోవడం అంటే ఏంటో, వీసా గడువులు లెక్కపెట్టుకునే మన ఎన్నారైలు ఊహించగలరు. వాళ్లకైనా తిరిగి రావడానికి ఒక ఊరు ఉంటుంది.

అటు యూదు కుటుంబాలకూ గాయాలున్నాయి. 2000లో మొదలైన రెండో ఇంతిఫాదా రోజుల్లో ఇదే నగరంలో బస్సుల్లో, హోటళ్లలో బాంబులు పేలాయి. పిల్లల్ని బడి బస్సు ఎక్కించడానికి తల్లులు వణికిన కాలం అది.

5. "అచ్చం అయోధ్య లాగే కదా?"

మనవాళ్లు వెంటనే అడిగే ప్రశ్న ఇది. భావోద్వేగంలో పోలిక ఉంది, నిర్మాణంలో లేదు. అయోధ్య కేసులో ఇరుపక్షాలూ ఒకే దేశ పౌరులు, ఒకే రాజ్యాంగం కింద ఉన్నవాళ్లు. 2019 నవంబరు 9న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. జెరూసలేంలో ఇద్దరూ ఒప్పుకునే కోర్టే లేదు. కాబట్టి మన గొడవల కోపాన్ని తీసుకెళ్లి అక్కడ అతికించడం, అక్కడి కోపాన్ని తెచ్చి మన పక్కింటి వాళ్ల మీద చూపించడం, రెండూ అన్యాయమే.

భారత ప్రభుత్వం కూడా ఎప్పుడూ ఒక్క జెండా పట్టుకుని ఊగలేదు. 1947లో విభజనకు వ్యతిరేకంగా ఓటేసింది, 1950లో ఇజ్రాయెల్‌ను గుర్తించింది, 1988లో పాలస్తీనాను గుర్తించింది, 1992లో ఇజ్రాయెల్‌తో పూర్తి దౌత్య సంబంధాలు పెట్టుకుంది.

మన అడుగులూ ఆ నేల మీద ఉన్నాయి. పాత నగరంలో హెరోద్ ద్వారం దగ్గర, పంజాబ్ సూఫీ బాబా ఫరీద్ పేరుతో ముడిపడిన భారతీయ సత్రం ఇప్పటికీ ఉంది. మొదటి ప్రపంచయుద్ధంలో ఆ ప్రాంతంలో పోరాడిన అశ్వికదళంలో జోధ్‌పూర్, మైసూర్‌తో పాటు మన హైదరాబాద్ లాన్సర్లూ ఉన్నారు. ఢిల్లీలోని తీన్ మూర్తి విగ్రహాలు వాళ్ల గుర్తే.

6. ఈ పాఠం నుంచి మనం పట్టుకెళ్లాల్సింది

మన సంప్రదాయంలో గుడికి ఓనర్ అంటూ ఎవరూ ఉండరు. ఆస్తి దేవుడిది, చూసుకునేవాడు ధర్మకర్త. మన చట్టం కూడా దేవుణ్ని ఆస్తి కలిగి ఉండగల వ్యక్తిగా గుర్తిస్తుంది. ఎంత గొప్ప ఆలోచన ఇది! "నాది" అనే మాటను భక్తుడి నోటి నుంచి తీసేసి "నేను చూసుకుంటాను" అనే మాట పెట్టింది.

అయితే ఈ మాట చెప్పి చేతులు దులుపుకోవడం కుదరదు. ఇల్లు పోయినవాడికి "అంతా దేవుడిదే బాబూ" అని చెప్పడం వేదాంతం కాదు, నిర్దయ. సీమ ఎవరిది, పౌరసత్వం ఎవరికి, ఇంటి తాళం ఎవరి చేతిలో అన్నవి రాజకీయంగానే తేలాలి. భక్తి చేయగలిగింది ఒక్కటే: ఎదుటివాడి భక్తి కూడా నిజమైనదే అని ఒప్పుకోవడం. ఆ ఒప్పుకోలు లేని ఒప్పందం ఏదీ అక్కడ నిలవలేదు.

అందుకే ఈసారి జెరూసలేం వార్త కనబడినప్పుడు, క్రికెట్ మ్యాచ్‌లాగా ఒక టీమ్ ఎంచుకునే ముందు మూడు ప్రశ్నలు వేసుకోండి. ఇది సార్వభౌమాధికారం గొడవా, నిర్వహణ గొడవా, ప్రార్థన గొడవా? ఈ వార్తలో ఎవరి బాధ చెప్పారు, ఎవరిది వదిలేశారు? ఆ వీధిలో రేపు పొద్దున్నే లేచేవాళ్లకు దీనివల్ల ఏమవుతుంది? ఈ మూడూ అడిగాక కూడా మీకు ఒక అభిప్రాయం ఉండొచ్చు. ఉండాలి కూడా. అప్పుడది విని పట్టుకున్నది కాకుండా మీరు ఆలోచించి తేల్చుకున్నది అవుతుంది.

వచ్చే వారం మళ్లీ మన క్షేత్రాల దగ్గరికే వద్దాం: ధర్మకర్త అనే మాట ఎలా పుట్టింది, గుడి మాన్యాలు ఎలా నడిచాయి అన్నది చూద్దాం. అంతవరకు సెలవు. శుభం!