తుఫాను డబ్బు, చందా డబ్బు



కోశాధికారి పని నీ నెత్తిన పెట్టారని సంస్థ జమాఖర్చులన్నీ పంపావు. విడిగా చూస్తే ఏ ఏడాదికి ఆ ఏడాది బాగానే ఉంది. అన్నీ ఒకే కాగితం మీద పక్కపక్కన రాసి చూడు, అసలు సంగతి బయటపడుతుంది.

2018 అక్టోబరు 11న పలాస దగ్గర తిత్లీ తుఫాను తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగాయి. సాయం వచ్చిపడింది. ఆ ఊపులో మీవాళ్లు ఆఫీసు అద్దెకి తీసుకున్నారు, ముగ్గుర్ని జీతాలకి పెట్టారు. కొబ్బరి మొక్క కాపుకి రావాలంటే అయిదారేళ్లు పడుతుంది. దాతలకి అంతకాలం తుఫాను గుర్తుంటుందా? ఒకసారి వచ్చే డబ్బుని నమ్మి నెలనెలా అయ్యే ఖర్చు తగిలించుకున్నారు, అదీ జబ్బు.

ఇంకోటి కూడా చూశాను. మొక్కలకని వచ్చిన గ్రాంటులోంచి రెండుసార్లు అద్దె కట్టారు. తర్వాత సర్దుదామనే అనుకుని ఉంటారులే. అలా సర్దినవాళ్లని నేనైతే చూడలేదు. అలాగే కార్యదర్శి సంస్థ కోసం తన జేబులోంచి పెట్టినదాన్ని అప్పుగా పుస్తకంలో చూపించు.

శ్రీకాకుళం వెళ్తే కథానిలయం చూసి రా. కథా రచయిత కారా మాస్టారు తనకొచ్చిన పురస్కారాల సొమ్ము పెట్టి 1997 ఫిబ్రవరి 22న తెరిచారు. తెలుగు కథలు సేకరించడం, భద్రపరచడం: పెట్టుకున్న పని అదీ. మాస్టారు 2021లో పోయారు, నిలయం ఉంది. గ్రాంటు ఎటు లాగితే అటు పోయే మన సంస్థలకి ఆ పట్టుదల రావాలి.

విదేశీ విరాళాల మీద మనసు పెట్టుకోకు. ఆ విరాళాల చట్టానికి 2020లో వచ్చిన సవరణ తర్వాత ఢిల్లీ స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచిలో ఖాతా తెరవాలి, పాలనా ఖర్చు 20 శాతం దాటకూడదు. చిన్న సంస్థకి ఆ తతంగమే భారం. మీ ఊళ్ల నుంచి హైదరాబాదు, విశాఖ వెళ్లి స్థిరపడ్డవాళ్లని నెలకింత అని అడుగు. విరాళం మీద ఆదాయపన్ను రాయితీ కావాలంటే రెండు వేలు దాటిన నగదు పనికిరాదని ముందే చెప్పు.

నిల్వ ఎలాగంటావా? సంస్థకి పన్ను మినహాయింపు ఉండాలంటే రాబడిలో 85 శాతం ఖర్చుపెట్టాలి, మిగతా 15 శాతం అట్టేపెట్టుకోవచ్చు. మూలధనం కోసమేనని దాత ఉత్తరం రాసిచ్చిన విరాళాన్ని వేరే ఫిక్స్‌డ్ డిపాజిట్టు చెయ్యి. ఆరు నెలల జీతాలకి సరిపడా పోగయ్యేదాకా కొత్త మనిషిని తీసుకోవద్దు. ఉన్న ముగ్గురిలో ఎవరిని ఉంచాలో కమిటీలో తేల్చండి, నీ ఒక్కదాని మీదే వేసుకోకు.

మీ మావయ్య