కంటి కటకములోని నీటి తూములు

శుక్లమనగానే కంటిమీద ఏదో పొర పెరిగినదనియు, దానిని ఆకుపసరుతో కరిగింపవచ్చుననియు గ్రామములలో పలువురు తలంచుచుందురు. శుక్లము పైన పెరుగు పొర కాదు. కంటిపాప వెనుకనున్న కటకమే మసకబారుట శుక్లము. అదెట్లు జరుగునో పంచాయతీ సభ్యులు ఎరిగియుండినచో ఇతరులకు నచ్చజెప్పుట సులభమగును.

పెద్దవారిలో ఈ కటకము అడ్డము సుమారు 9 మిల్లీమీటర్లు. వెలుతురునకు అడ్డు రాకుండుటకై ఇందులో రక్తనాళములు లేవు. మరి లోపలి కణములకు ఆహారమెట్లు అందును? కాలువ నీరు ఒక మడినుండి మరియొక మడికి తూముల ద్వారా పారునట్లు, కటకము చుట్టునున్న ద్రవమునుండి నీరు, లవణములు, చక్కెర కణమునుండి కణమునకు సాగుచుండును. కణముల పొరలలో నాటుకొనియున్న కొన్ని మాంసకృత్తులే ఆ తూములు.

వీనిలో అన్నిటికంటె అధికముగా నున్నది ఆక్వాపొరిన్-0. పేరు కొరుకుడు పడనిదే. మేము దీనిని నీటి తూము అనియే పిలిచెదము. దీనిగుండా నీటి అణువులు ఒకదాని వెనుక నొకటి వరుసగా పోవును, లవణములు పోజాలవు. కణములను సందు లేకుండ అంటిపెట్టి యుంచుటయు దీని పనియే. సందు ఏర్పడినచో వెలుతురు చెదరును. లవణములకు, చిన్న పోషకములకు కనెక్సిన్లను వేరు తూములు కలవు. ఇట్టి నీటి తూములను మొదట రక్తకణములలో కనుగొనిన అమెరికా శాస్త్రజ్ఞుడు పీటర్ ఆగ్రేకు 2003లో నోబెల్ బహుమానము లభించినది.

ఇక ముఖ్యవిషయము. కటకపు నడిమి భాగములోని మాంసకృత్తులు మనము పుట్టకమునుపే తయారైనవి. అచ్చటి కణములు తమ కేంద్రకములను కోల్పోయినవి గనుక క్రొత్తవానిని చేసికొనలేవు. పొలము తూము చెడినచో బాగుచేయించుకొందుము; ఈ తూములకు మరమ్మతు లేదు. ఏండ్లు గడచుకొలది అవి దెబ్బతినును, కణములలోని ఇతర మాంసకృత్తులు ముద్దకట్టును, చూపు మసకబారును. పొగాకు, మధుమేహము దీనిని త్వరపెట్టును. అందుచేతనే ఏ పసరుగాని చుక్కల మందుగాని దీనిని పోగొట్టలేదు. మసకబారిన కటకమును తీసి కృత్రిమ కటకమును అమర్చుటయే చికిత్స. 1976లో ఆరంభమైన జాతీయ అంధత్వ నివారణ కార్యక్రమము క్రింద ప్రభుత్వ ఆసుపత్రులలో దీనిని ఉచితముగా చేయుదురు. శుక్లము పండువరకు ఆగనక్కరలేదు.

నీటి తూము జన్యువులోనే లోపమున్నచో శిశువు శుక్లముతోనే పుట్టవచ్చును. పసిబిడ్డ కంటిపాప తెల్లగా కనిపించినచో ఒక్క వారమైనను జాగు చేయరాదు. వెలుతురు అందని కంటితో చూచుట మెదడు నేర్వజాలదు. వృద్ధుల సంగతి వేరు. "ఈ వయసులో నాకెందుకు నాయనా" యని అవ్వలే వెనుకకు తగ్గుదురు. కంటి శిబిరమునకు పేర్లు వ్రాయునపుడు సభ్యులు ముందుగా వారి యిండ్లకే పోవలెను.