అడిగేవాడు మళ్లీ వస్తాడంటే

దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్ల సందుల్లో, ఎల్బీనగర్ చౌరస్తా టీకొట్ల దగ్గర సిగరెట్ వెలిగించే కుర్రాళ్లకు ఈ వయసులో నేను చెప్పగలిగినవి ఇవి.

1. కరపత్రం ఎవరినీ మాన్పించదు. మళ్లీ మళ్లీ వచ్చి అడిగే మనిషి మాన్పిస్తాడు. శ్రీకాకుళం పల్లెల్లో ఆడవాళ్లు చుట్ట నిప్పుకొసను నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగేవారు. అంగిలి మీద మచ్చలు, ఆపై క్యాన్సర్. బొంబాయి టాటా ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు ఆ జిల్లాలోనూ, ఎర్నాకుళం, భావ్‌నగర్‌లలోనూ కలిపి 36,471 మంది పొగాకు వాడేవాళ్లను ఏటా కలిశారు. నోరు తెరిపించి చూశారు, ఎదురుగా కూర్చుని మానమన్నారు. ఐదేళ్ల ఫలితాలు 1986లో లాన్సెట్‌లో వచ్చాయి. అంతకుముందు అవే ప్రాంతాల్లో ఇంత బోధన లేకుండా పరీక్షించిన వాళ్లకంటే వీళ్లలో మానినవాళ్లు చాలా ఎక్కువ. ఆ అవ్వలకు చేతనైంది గ్రూప్స్‌కి చదివేవాడికి చేతకాదంటే నేను నమ్మను.

2. ఊరికే గమనిస్తున్నా మనిషి మారతాడు. అమెరికాలో ఎంఆర్‌ఫిట్ అనే అధ్యయనంలో 12,866 మంది మగవాళ్లను చేర్చుకున్నారు. సగం మందికి ప్రత్యేక సలహాలిచ్చి, మిగతా సగాన్ని వాళ్ల డాక్టర్లకే వదిలేసి ఏటా పరీక్షించారు. ఆ రెండో సగంలోనూ చాలామంది సిగరెట్ వదిలేశారు! 1982లో లెక్క తీస్తే గుండెజబ్బు మరణాల్లో రెండు గుంపులకీ చెప్పుకోదగ్గ తేడా తేలలేదు. పరిశోధకులకది తలనొప్పే, వదిలేసినవాళ్లకు మాత్రం లాభం.

3. ఇలాంటి అధ్యయనాల్లో రోజుకెన్ని అని నర్సమ్మ అడిగితే పెట్టె కాల్చేవాడు కూడా "రెండో మూడో మేడమ్" అంటాడు. అందుకే గొట్టంలోకి ఊదించి కార్బన్ మోనాక్సైడ్ చూస్తారు. ఒక్కరోజు ఆపితే దాని కళ్లు కప్పొచ్చు. లాలాజలంలో మిగిలే నికోటిన్ జాడ, కోటినైన్, కొన్ని రోజుల దాకా పట్టిస్తుంది.

4. నువ్వే అలాంటి అధ్యయనంలో చేరితే, సంతకం పెట్టేముందు ఒప్పుకోలు కాగితం చదువు. ఎప్పుడైనా తప్పుకునే హక్కు నీదే.

5. అధ్యయనం ముగిస్తే అడిగేవాడు పోతాడు, అలవాటు తిరిగొస్తుంది. తార్నాక పోషకాహార సంస్థ 1987లో హైదరాబాద్ చుట్టుపక్కల 29 ఊళ్లలో మొదలుపెట్టిన అధ్యయనంలోని పిల్లలను పెద్దయ్యాక కూడా వెతుక్కుంటూ వెళ్లింది గానీ, అంత ఓపిక అరుదు. నీకు నువ్వే ఒకణ్ని చూసుకో. అమ్మ వద్దు, తిడుతుంది. తిట్టకుండా రోజూ లెక్క రాసుకునే రూమ్మేట్ చాలు. వాడూ దొరక్కపోతే 1800-11-2356కి ఫోన్ చెయ్యి. ప్రభుత్వ ఉచిత నంబరు, నీ జేబులోని పెట్టె మీదే అచ్చేసి ఉంటుంది.